అద్దం ఎత్తు

దేవరకొండ రోడ్డు మీద, బత్తాయి మండీ ఎనుక
రెండంతస్తుల కిరాయి ఇల్లు.
కింద ఆరు మంచాలు, మీద మూడు.
మీదియి ఎప్పుడూ ఖాళీగనే ఉంటయ్.
మెట్లెక్కగలిగేటోళ్లు ఇక్కడికెందుకొస్తరు?

కిరాయి కాయితంల ఇంటాయన రాయించిండు:
గోడకు మొల కొట్టద్దు,
కొడితే మొలకు యాభై, అడ్వాన్సుల కట్.
అందుకే ఆయన కొట్టించిపోయిన మొలలకే
అన్నీ తగిలిచ్చుకున్నం.
క్యాలెండరు, తువ్వాలలు, బీపీ మిషను సంచి,
నా అసొంటి ఎత్తు మనిషికి సరిపడ అద్దం.

అండాలవ్వది మర్రిగూడ దిక్కు.
యాభై ఏండ్లు బోరింగు నీళ్లే తాగింది.
ఆ నీళ్లు బొక్కల్లకు దిగి
నడుముని కొడవలి జేసినయ్.
ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్లొస్తున్నా
గిలాస చేతికిస్తే అడుగుతది, "ఏ నీళ్లు?"
"కృష్ణ నీళ్లే అవ్వా."
దినాం పదిసార్లు అడుగుతది, పదిసార్లు చెప్త.
ఒకనాడు పదకొండోసారి ఇసుక్కున్న.
ఆ రాత్రి అవ్వ నీళ్లు ముట్టలే.

అవ్వ చూపంతా బండల మీదనే.
మాకు కానరానియి ఆమెకు కానొస్తయ్.
చీమల బారు, తెగబోతున్న నా చెప్పు,
కాంతమ్మ మంచం కింద ఉమ్మేసిన షుగరు గోలీలు.
"పిల్లా, ఆమె మూడు దినాల సంది మింగుతలేదు" అని
నా మోకాలికి చెప్పింది.
రిజిస్టర్ల మూడు దినాలూ
నేను టిక్కు పెట్టే ఉన్న.

ట్రైనింగుల మాకు చెప్పిండ్రు,
పెద్దోళ్లతోని కండ్లల్ల కండ్లు పెట్టి మాట్లాడాలె అని.
రాసుకున్న, పరీక్షల మార్కులు గూడ వచ్చినయ్.
అండాలవ్వ కండ్లు యాడుంటయో
ఆ నోట్సుల లేదు.

తల దువ్వుతుంటె ఓనాడు అన్నది,
"నా మొఖం నేను సూసుకోక నాలుగేండ్లాయె.
ఉన్నదా ఇంకా?"
నవ్వుకుంటనే అన్నది.
దువ్వెనల చిక్కు తీసుకుంట నేను ఊకున్న.

ఐతారం తెల్లారగట్ల
పచ్చడిబండతోని మొల కొట్టిన,
నేల నుంచి నాలుగు జానల మీద.
సున్నం పెచ్చు ఊడి పడ్డది,
యాభై రూపాయలంత.

గోడ పట్టుకుంట వచ్చింది అవ్వ.
శానాసేపు చూసింది.
ఏడుస్తదేమో అని కొంగు తయారుగ పెట్టుకున్న.
"ఓసి నీ పాసుగూల,
ఇన్నాళ్లసంది నాకు బొట్టు వంకర పెడుతున్నవా!"

ఇగ చాంద్ పాషా లొల్లి.
లారీల కింద ముప్పై ఏండ్లు పండుకొని పనిజేసిన
ఆరడుగుల మెకానిక్కు.
"గడ్డం గీసుకునుడెట్ల బిడ్డా?
పొట్టోళ్ల రాజ్యమొచ్చిందా?"
రెండు దినాలు మాసిన గడ్డంతోనే అలిగిండు.
మూడోనాడు బకెటు బోర్లేసి కూసున్నడు.
ఎనుక వంతు కోసం నిలబడ్డ అవ్వ,
ఆ ఎత్తున్నోళ్లకే తెలిసిన సంగతి చెప్పింది:
"గదవ కింద నురుగున్నది, తుడువు."

నెలాఖరుకు ఇంటాయన వచ్చిండు.
అర్ర అర్ర తిరిగి మొలలు లెక్కబెట్టిండు.
ఆయన చూపు ఆయన ఎత్తులనే తిరిగింది.
కాంతమ్మ దుప్పటి నోట్ల కుక్కుకున్నది.
"ఆ మొల ఖాళీగున్నదేంది?" అన్నడు.
"ఏం తగిలియ్యాల్నో సోంచాయిస్తున్నం సార్" అన్న.

ఇప్పుడు పొద్దుగాల
మోకాళ్ల మీద కూసొని పెడుత బొట్టు.
"జర ఎడమకు."
జరుపుత.
"అటు గాదే."
"ఎడమకే గదా అవ్వా జరిపింది!"
"అది నీ ఎడమ."